అన్వయమునకు లొంగనిది



కొలచల మల్లినాథసూరి స్మృత్యర్థము ఏర్పాటైన ఈ ఉపన్యాసమును బొల్లారమునందు చేయవలెనని నన్ను పిలిచినప్పుడు, కాళిదాసునకు వ్యాఖ్య వ్రాసిన మహామహోపాధ్యాయునకును, రియాక్టర్లును బాయిలర్లును రేయింబవళ్లు నడచు ఈ పారిశ్రామిక వాడకును సంబంధమేమని అడిగినవారు లేకపోలేదు. సంబంధము కలదు. ఈ వాడల నీటిని మోసికొనిపోవు నక్కవాగు కలియునది మంజీరలో. మల్లినాథుని ఇంటిపేరును బట్టి పండితులు ఆయన స్వగ్రామముగా గుర్తించిన కొల్చారము అదే మంజీర సీమలోని మెదకు జిల్లా గ్రామము. 2016 అక్టోబరులో సంగారెడ్డి వేరు జిల్లా అగువరకు కొల్చారమును బొల్లారమును ఒకే జిల్లాలోనివి. కనుక మనము స్మరించుచున్నది ఎక్కడనో కాశీలో పుట్టిన పండితుని కాదు, మన పొరుగువానిని.

పదునాల్గవ శతాబ్ది చివరను పదునైదవ శతాబ్ది మొదటను జీవించిన ఆ మహానుభావుడు రఘువంశ కుమారసంభవ మేఘసందేశములకు సంజీవనిని, భారవి కిరాతార్జునీయమునకు ఘంటాపథమును, మాఘుని శిశుపాలవధకు సర్వంకషను, శ్రీహర్షుని నైషధమునకు జీవాతువును వ్రాసెను. మూలమునకు ఆధారము లేని మాట వ్రాయననియు, అవసరము లేని మాట చెప్పననియు ఆయన తనకు తాను విధించుకొన్న నియమము వ్యాఖ్యాతలందరకును శాసనమైనది. కుమారసంభవమునకు ఆయన ఎనిమిది సర్గలవరకే వ్యాఖ్య వ్రాసి ఆగుట చూచి, తరువాతి సర్గలు కాళిదాసువి కావని విమర్శకులు వాదించుటకు అదియు ఒక ఆధారమైనదనిన, ఆయన మౌనమునకు సైతము ఎంత ప్రామాణ్యము కలదో మీరే ఊహింపవచ్చును.

1

శ్లోకమునందు పదములు ఛందస్సునకు లోబడి చెదరియుండును. వానిని వాక్యక్రమములోనికి తెచ్చుటకే అన్వయమని పేరు. దానికి రెండు దారులున్నవి. ప్రధానక్రియను ముందు పట్టుకొని, ఎవడు, దేనిని, ఎట్లు, ఎందుకు అని ప్రశ్నించుచు ఒక్కొక్క పదమును రాబట్టుట ఖండాన్వయము. కర్తను విశేషణములతో సహా ముందు నిలిపి, వరుసగా నడచి, క్రియతో ముగించుట దండాన్వయము. మల్లినాథుడు తాను సర్వమును అన్వయముఖముననే వ్యాఖ్యానింతునని గ్రంథారంభముననే చెప్పుకొన్నాడు.

ఈ పనికి వెనుక ఒక శాస్త్రము కలదు. వాక్యార్థము మనస్సునకు తట్టుటకు ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అను మూడును కావలెనని మన తార్కికులు చెప్పిరి. ఒక పదము మరియొక పదముకొరకు ఎదురుచూచుటయే ఆకాంక్ష. 'ఎర్రని' అని పలికి నేను ఆగినచో ఈ సభలోని ప్రతివారును నా నోటివైపు చూతురు. ఆ పదముల అర్థములు ఒకదానితో ఒకటి పొసగుట యోగ్యత. ఎదురుచూచుచున్న పదమునకు దాని జతపదము దగ్గరగా నుండుట సన్నిధి. మల్లినాథుడు కేవల కావ్యవ్యాఖ్యాత కాడు. వరదరాజుని తార్కికరక్షకు నిష్కంటకయను వ్యాఖ్యను, విద్యాధరుని ఏకావళి యను అలంకారగ్రంథమునకు తరళయను వ్యాఖ్యను వ్రాసినవాడు. తర్కము చెప్పు ఆకాంక్షయు అలంకారశాస్త్రము చెప్పు రసమును ఒకే మనస్సునందు నివసించిన వ్యక్తి ఆయన.

నేను ఈ సాయంకాలము ప్రతిపాదింపదలచినది ఒక్కటే. కవి ఆకాంక్షను పుట్టించును, కాని సన్నిధిని బుద్ధిపూర్వకముగా భంగపరచును. ఆ రెంటి నడుమ పాఠకుడు గడపు కాలమునందే కావ్యశిల్పము తన పనిని చేయును. ఆ కాలమును కొలుచుటకు మనకున్న సాధనము అన్వయమే. పదములను వాక్యక్రమములో పేర్చిన పిమ్మట అర్థమంతయు మిగిలియే యుండును. ఒక్క అక్షరము తగ్గదు. అయినను ఏదియో పోయినట్లు మనకు తోచును. ఆ పోయినదేదో దానిని కనుగొనుటయే శిల్పవిచారమని నా మతము. అన్వయము పద్యమును చంపునని నిందించువారితో నేను ఏకీభవింపను. అది లేనిచో పద్యమునకు ప్రాణమెక్కడనున్నదో మనకు తెలియనే తెలియదు.

2

మేఘసందేశములోని మొదటి శ్లోకమును చూడుడు. 'ఒకానొక' అను అర్థమిచ్చు పదముతో అది మొదలగును. ఒకానొక ఎవడు? చెప్పడు. అతడు తన కొలువులో ఏమరినాడని చెప్పును. యజమాని శపించినాడని చెప్పును. ఆ శాపము ఒక సంవత్సరము అనుభవింపవలసినదనియు, ప్రియురాలి ఎడబాటు చేత భరింపరానిదనియు, అతని మహిమ దానివలన అస్తమించినదనియు చెప్పును. రెండు పాదములు గడచినవి. ఆ 'ఒకానొక' అను పదము తన నామమునకై ఇంకను చేయి చాచియే యున్నది. మూడవ పాదము మొదట గాని 'యక్షుడు' అను మాట రాదు.

ఇప్పుడు అన్వయింపుడు: 'ఒకానొక యక్షుడు' అని రెండు పదములును ఒకచోట చేరును. వ్యాకరణమునకు ఇదియే న్యాయము. కాని ఆ చేరికతో కథ మొదటి అడుగులోనే దేవయోనిలోనికి, అలకాపురిలోనికి పోయినది. యక్షునకు శాపమట, మనకేమి అని శ్రోత అనుకొనుటకు తావు కలిగినది. కాళిదాసు పెట్టిన క్రమములోనో, రెండు పాదముల దూరము మనము ఎరిగినది ఒక పనివానిని మాత్రమే: పనిలో పొరబడినవాడు, యజమాని ఆగ్రహించి దూరముగా పంపివేసినవాడు, భార్యను విడిచి ఏడాది గడుపవలసినవాడు. ఒడిస్సానుండి, బీహారునుండి, శ్రీకాకుళమునుండి, పాలమూరునుండి వచ్చి, ఇంటివారిని ఊరిలో విడిచి ఈ వాడల గదులలో నలుగురైదుగురుగా ఉండువారు ఈ సభలో ఉన్నారు. ఆ రెండు పాదములును వారివే. అతడు యక్షుడని తెలియునప్పటికి జాలి పుట్టియే పోయినది. పుట్టిన జాలిని ఇక వెనుకకు తీసికొనలేము. పదములు అవే, అర్థమును అదే. మారినది ఎవరిని ఎప్పుడు తెలిసికొంటిమన్న ఒక్క సంగతి మాత్రమే.

3

ఇక మన తెలుగునకు వచ్చుచున్నాను. ఇచ్చట నేను కొంతసేపు నిలువదలచితిని, మీరు సహింపవలెను.

పోతనామాత్యుని గజేంద్రమోక్షమునందు, ఏనుగు మొర ఆలకించి విష్ణువు వైకుంఠమునుండి బయలుదేరు మత్తేభమును ఎరుగని తెలుగువారు అరుదు. అందులో ఆరు వ్యతిరేక క్రియలున్నవి. లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రములను చేతులకు తీసికొనలేదు, పరివారమును పిలువలేదు, గరుడుని సిద్ధపరుపలేదు, చెవులపైకి జారిన జుట్టును సవరించుకొనలేదు, తుదకు ప్రణయకలహమున తన చేత చిక్కిన లక్ష్మి పయ్యెద చెరగునైనను విడువలేదు. ఇవన్నియు ఎందుకు చేయలేదో చెప్పు మాట, ఏనుగు ప్రాణము కాపాడవలెనను తహతహ, పద్యములో చిట్టచివర వచ్చును.

సంస్కృత భాగవతమునందు హరి గరుడునిపై చక్రధారియై వచ్చును. గరుడుని పిలువకయే కదలిన హరి పోతన హరి. ఈ కల్పన గొప్పదని అందరును అనుచున్నారు, నేనును అనుచున్నాను. కాని కల్పన ఒక్కటే చాలదు. దానిని అన్వయించి చూడుడు. తెలుగు వాక్యమున హేతువును చెప్పు అసమాపక భాగము ముందు రావలెను, సమాపక క్రియ వెనుక రావలెను. ఆ ప్రకారము 'ఏనుగును కాపాడు తొందరతో లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రములు తీసికొనలేదు' అని నడచును. మొదటి మాటలోనే కారణము తెలిసిపోవుటచే, తరువాతి ఆరు సంగతులును ఆ కారణమునకు ఉదాహరణములు మాత్రమై పోవును. పోతన క్రమములో అవి ఉదాహరణములు కావు, ఆరు ఆశ్చర్యములు. ఏమిది, ఈయన చెప్పడేమి, తీసికొనడేమి, పిలువడేమి అని మన మనస్సు పరుగెత్తును. స్వామి పోకను చూచుచున్న లక్ష్మికి ఏ సంశయము కలిగియుండునో ఆ సంశయమే మనకును కలుగును. ఆయన హృదయము పద్యాంతమున గాని తెరచుకొనదు.

రెండవది మన భాషాస్వభావము. తెలుగున నిషేధము క్రియ చివర కూర్చుండును. వస్తువు ముందు, క్రియాధాతువు తరువాత, 'లేదు' అను భావము ఆ పిమ్మట. కనుక ఈ పద్యము చదువునప్పుడు శంఖచక్రములు ముందు మన కంటికి కనబడును, వానిని చేతులు అందుకొనబోవును, అంతలో నిషేధము వచ్చి వానిని అక్కడనే విడిచివేయును. గరుడుడును అట్లే. వైకుంఠ వైభవమంతయు ఒకదాని వెంట ఒకటి మన ముందుకు వచ్చి, ఒకదాని వెంట ఒకటి నిలిచిపోవును. వద్దనుకొన్న వస్తువులతోనే పద్యము నిండియున్నది. కావలసిన ఏనుగు ఒక్క సమాసములో మాత్రమే యున్నది. త్యాగమును చూపవలెనన్నచో త్యజించినదానిని ముందు చూపవలెను కదా! ఆ పనిని పోతనకు మన వ్యాకరణమే సగము చేసిపెట్టినది.

మూడవది పాదముల చివరలు. మొదటి మూడు పాదములలో ఏ పాదాంతమునను ఊపిరి నిలుపుటకు వీలు లేదు. మొదటి పాదాంతమున ఒక విశేషణము తన నామమును అవతలి పాదములో వదలివచ్చినది. రెండవ మూడవ పాదాంతములందు సమాసమే నడుమ విరిగి క్రిందికి దూకినది. యతిప్రాసలు తమ స్థానములందు తాము నిలిచియే యున్నవి. వాక్యము మాత్రము వానిని దాటి పరుగెత్తుచున్నది. ఈ పద్యమును పాదము పాదమునకు ఆగి చదువు పిల్లవానిని నేను కోప్పడను గాని, మరల చదువుమని తప్పక కోరుదును.

శ్రీనాథుడు ఈ పద్యమును ఆక్షేపించెననియు, ఆయుధములు లేక అక్కడికి పోయి ఏమి చేయునని అడిగెననియు, అప్పుడు పోతన బావిలో ఒక బండను పడవేసి బిడ్డ పడెనని కేక వేయగా శ్రీనాథుడు త్రాడైనను తీసికొనక పరుగెత్తెననియు మనవారు చెప్పుకొందురు. ఇది చరిత్ర కాదు, కట్టుకథ. అయినను ఎంత సూక్ష్మమైన విమర్శ! ఆక్షేపణకు సమాధానముగా జనులు వాదమును కల్పింపలేదు. పద్యము చదువరిచేత గడిపించు ఆ క్షణమును ఆక్షేపించిన వానిచేతనే గడిపించిరి.

తరువాత కొద్ది దూరములోనే మరియొక పద్యము వచ్చును. స్వామి వెంట లక్ష్మి, ఆమె వెంట అంతఃపుర స్త్రీలు, వారి వెనుక గరుడుడు, అతని సమీపమున ఆయుధములు, నారదుడు, సేనాధిపతి, తుదకు వైకుంఠములోని ఆబాలగోపాలము, గొలుసువలె కదలి వత్తురు. మొదటి పద్యమున విడిచినవన్నియు రెండవ పద్యమున తమంతట తామే వచ్చి చేరినవి. ఆకాంక్షను పద్యమునుండి పద్యమునకు సాగదీసి ఇంత నిండుగా తీర్చిన కవిని నేను మరియొకని ఎరుగను.

4

ఆలస్యమే శిల్పమైనచో, అర్థము కానంత కఠినముగా వ్రాసినవాడే మహాకవి అగును గదా యని ఎవరైనను అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. దీనికి సమాధానము మన నేలమీదనే, ఓరుగల్లులో, కాకతీయ ప్రతాపరుద్రుని ఆస్థానకవి విద్యానాథుడు చెప్పియున్నాడు. ఆయన ప్రతాపరుద్రీయమునకు రత్నాపణమను వ్యాఖ్యను వ్రాసిన కుమారస్వామి సోమయాజి మన మల్లినాథుని కుమారుడే యగుట మరియొక సంతోషము. రసము లోపలను వెలుపలను ఒక్కమారే స్ఫురించునది ద్రాక్షాపాకము. లోపల దాగియుండునది నారికేళపాకము. ఈ విభాగమును కాఠిన్య సౌకుమార్యములకు సంబంధించినదిగా బోధించుచుందురు. నేను దానిని కాలవిభాగముగా గ్రహింతును: రసము చదువరికి చేరుటకు ఎంత వ్యవధి పట్టునని అడుగు శాస్త్రమది.

ఘంటాపథము మొదటనే మల్లినాథుడు భారవి వాక్కును నారికేళముతో పోల్చి, రసికులు లోని సారమును ఆస్వాదించుటకై తాను దానిని పగులగొట్టుచున్నానని చెప్పెను. కొబ్బరికాయను కొట్టువాడు లోపల నీరున్నదని ఎరిగియే కొట్టును. ఆలస్యమునకు తుదను రసముండవలెను. అది లేక, సంధులతోడను అప్రసిద్ధ పదములతోడను చదువరిని ఊరక నిలిపియుంచు రచనలు మన భాషలో తక్కువ లేవు; అన్వయించిన పిమ్మట ఏమియు పోనిచో ఆ ఆలస్యము వ్యర్థమని నిశ్చయింపవచ్చును. ఈ పరీక్ష కఠినమైనదే. మన ప్రబంధములలో కొన్ని ప్రసిద్ధ వర్ణనలు దీనికి నిలువవని నేను విచారముతోనే చెప్పుచున్నాను.

క్రమభంగమును ఒక్క పద్యముతో ఆపక కథ అంతటికిని వ్యాపింపజేసినవాడు పింగళి సూరన. కళాపూర్ణోదయమున ముందు జరిగినది వెనుకను, వెనుక జరుగవలసినది ముందును తెలియును. దానిని కాలక్రమమున చెప్పిచూచినచో మిగులునది ఒక సాధారణ జన్మాంతర కథ. కట్టమంచి రామలింగారెడ్డి 1914లో ప్రకటించిన కవిత్వతత్త్వ విచారమున సూరనకు పెద్దపీట వేయుటకు ఈ కథానిర్మాణ పాటవము ముఖ్యకారణము.

5

కాని క్రమభంగమే లేని కవిత్వమున్నది. అది నా వాదమునకు ఎదురు నిలుచును. దానిని దాటిపోవుట ధర్మము కాదు.

వేమన ఆటవెలదికి అన్వయమే అవసరము లేదు. మాట్లాడు క్రమముననే పద్యము నడచును. మొదటి రెండు పాదములందు ఒక ప్రతిపాదనయో దృష్టాంతమో ఉండును. మూడవ పాదమున దాని జత వచ్చి తగులును. అంతటితో అర్థము ముగిసినది. మరి నాలుగవ పాదమెందుకు? మకుటము ప్రతి పద్యమునను ఒకటే, కొత్త సంగతి ఒక్కటియు చెప్పదు. బ్రౌను దొర 1829లో వేమనను అచ్చొత్తించిన నాటినుండి, భావము వ్రాయువారు మకుటమును సంబోధనగా మార్చి ముందుకు త్రోసి, తమ పని ముగించుచున్నారు. మకుటమును ముందుకు తెచ్చినచో పద్యము మూడవ పాదముతోనే ముగిసి, ఆ దెబ్బ తగిలిన చోటనే మనము లేచిపోవలసి వచ్చును. వేమన మనలను అట్లు పంపడు. నోటికి తెలిసిన పాదమును నోరు పలుకుచుండగా, మనస్సు మూడవ పాదముతో మిగిలియుండును.

బతుకమ్మ పాటలోని 'ఉయ్యాలో' అను పల్లవియు ఈ పనినే చేయును. కథ చెప్పు స్త్రీ నాలుగు మాటలు పలుకును. చుట్టు తిరుగు స్త్రీలందరును ఉయ్యాలో యని అందుకొందురు. ఆ వ్యవధిలో విన్న మాట లోపలికి దిగును, రానున్న మాటపై ఆశ పుట్టును. ఇచ్చట ఆకాంక్ష పదములలో లేదు, గుంపులో ఉన్నది. కనుక నా ప్రతిపాదనను ఇంత సవరించుకొనుచున్నాను: కవి అర్థమునకు ముందు కాలమును ఉంచవచ్చును, అర్థమునకు వెనుకను ఉంచవచ్చును. మార్గకవులు మొదటిదానిని సాధించిరి. రెండవది జనుల శిల్పము. దానిని వర్ణించుటకు మన అలంకారశాస్త్రమునకు ఇంకను చాలినన్ని మాటలు లేవు.

6

ఈ వాడలోని వారికి ఒక మాట. మీ కర్మాగారములలో డ్రమ్ములమీదను, తలుపులమీదను వ్రాసిన హెచ్చరికలు కూడ వాక్యములే. తెలుగున నిషేధము చివర వచ్చునంటిని. పోతనకు వరమైనది ఇచ్చట ఆపద. 'ఈ మూతను ఒత్తిడి తగ్గకముందు తెరువరాదు' అను వాక్యమును తొందరలో చదువువాని కన్ను 'తెరు' వరకు వచ్చి ఆగినచో ఏమగును? హెచ్చరికలో ఆకాంక్షకు తావుండకూడదు. ప్రమాదమను మాట ముందు, ఆగుమను ఆజ్ఞ తరువాత, కారణము ఆ పిమ్మట, ఒక్కొక్కటి ఒక్కొక్క చిన్న వాక్యముగా ఉండవలెను. అదియును చదువువాని భాషలో ఉండవలెను. 2025 జూన్ 30న పాశమైలారములోని ఒక కర్మాగారమున జరిగిన పేలుడులో నలుబదిమందికి పైగా కార్మికులు మరణించిరి. వారిలో పెక్కుమంది పరరాష్ట్రములనుండి బ్రతుకుతెరువునకు వచ్చినవారు. పలకమీది వాక్యము సరిగానున్నచో ఆ ఘోరము తప్పియుండునని నేను అనను. అట్లనుటకు నాకు అధికారము లేదు. మనుష్యుల ప్రాణములు ఉన్నచోట వాక్యము వ్రాయువాడు కవికంటె తక్కువ శ్రద్ధ వహింపరాదని మాత్రము గట్టిగా అనుచున్నాను.

7

ఉపాధ్యాయ మిత్రులకు నా విన్నపముతో విరమింతును. మన తరగతులలో పద్యమునకు ప్రతిపదార్థము చెప్పించుచున్నాము, భావము వ్రాయించుచున్నాము. అక్కడనే పాఠము ముగియుచున్నది. మూడవ మెట్టు ఒకటి చేర్పుడు. భావము వ్రాసిన పిమ్మట పుస్తకము మూయక, పద్యమును మరల పైకి చదివించి, నీ వాక్యములో ముందు వచ్చిన మాట పద్యములో ఎక్కడ వచ్చినది, అది అక్కడికి పోవుటచేత నీకు ఏమి ఆలస్యముగా తెలిసినది అని అడుగుడు.

బొల్లారపు పాఠశాలలకు ఈ పనిలో ఇతరులకు లేని సదుపాయమున్నది. మీ తరగతులలో ఇంట హిందీ మాట్లాడు పిల్లలును, ఒడియా మాట్లాడు పిల్లలును తెలుగు పిల్లల ప్రక్కనే కూర్చుందురు. హిందీలో నిషేధపదము సాధారణముగా క్రియకు ముందు వచ్చును. ఒడియాలో తెలుగున వలెనే క్రియకు తరువాత వచ్చును. పోతన పద్యములోని ఆరు సంగతులను ఆ పిల్లలచేత వారి వారి భాషలలో చెప్పించి, శంఖము కనబడిన తరువాత 'లేదు' వినబడినదా, 'లేదు' వినబడిన తరువాత చేయి కదలినదా అని వారినే అడుగుడు. ఏ గ్రంథాలయమునను దొరకని సమాధానములు ఆ బల్లలమీద దొరకునని నా నమ్మకము. ఈ ఉపన్యాసమును పుస్తకముగా అచ్చువేయదలచిన నిర్వాహకులు, అప్పటికి చేరిన పిల్లల సమాధానములను వారి మాటలలోనే, వారి భాషలలోనే, దీనికి అనుబంధముగా చేర్పవలెనని ప్రార్థించుచున్నాను.